చెప్పి వెళ్ళండి

(‘పిల్లల వార్డు నుంచి’ శీర్షిక. ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక రాజమండ్రిలో పిల్లలకూ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ చేస్తున్న మా కాలమిస్టు మీ ఉత్తరాలకు జవాబిస్తారు. పేర్లు తీసేసి అచ్చువేస్తున్నాం.)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కోనసీమలో చిన్న ఊరు. నాకు యాభై ఆరేళ్ళు. చదువు రాదు, పక్కింటి ఇంటర్మీడియట్ పిల్ల చేత రాయిస్తున్నాను. మా అల్లుడు తాగొచ్చి మా అమ్మాయిని కొట్టేవాడు, ఆఖరికి వదిలేసి పోయాడు. అప్పులు తీర్చాలని మా అమ్మాయి జూన్‌లో కువైట్ వెళ్ళింది, ఇంటి పనికి. రెండేళ్ళ అగ్రిమెంటు. మనవడికి ఆరేళ్ళు. చూస్తే ఏడుస్తాడని తెల్లవారుజామున మూడింటికి, వాడు నిద్రలో ఉండగా ఆటో ఎక్కింది. వాడు లేచి మంచం కిందా, బాత్రూం వెనకా, కొబ్బరికాయల రాశి చాటునా వెతికాడు. ‘అమ్మ అమలాపురం వెళ్ళింది, సాయంత్రం వచ్చేస్తుంది’ అన్నాం. నాలుగు నెలలైంది. ఇప్పటికీ సాయంత్రం బస్సు టైముకి సెంటర్లో అరుగు మీద కూర్చుంటాడు. రాత్రి నా కొంగు తెచ్చి వాడి చొక్కా గుండీకి ముడేసుకుని పడుకుంటాడు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. వాళ్ళమ్మ వీడియో కాల్ చేస్తే మొహం తిప్పుకుని పారిపోతాడు. మొన్న దూడని కర్రతో బాదేశాడు. మా ఆయన ‘మొండి వెధవ’ అని తిడతాడు. దిష్టి తీయించాను, తాయెత్తు కట్టించాను. ‘పసివాడు, నాలుగు రోజులు పోతే వాడే మర్చిపోతాడు’ అంటున్నారంతా. మర్చిపోతాడా? లేక ఇది వాడి మనసులో ఉండిపోతుందా?

జవాబు: చెల్లెమ్మా, నాకు అరవై మూడు, అందుకని ఆ చనువు తీసుకుంటున్నాను. ముందుగా తాయెత్తు సంగతి. దాన్నలాగే ఉండనివ్వండి, దానివల్ల వచ్చిన నష్టమేం లేదు. కానీ మీవాడికి పట్టింది దిష్టి కాదు, మొండితనం అంతకన్నా కాదు. వాడు కాపలా కాస్తున్నాడు. తను కళ్ళు మూసుకున్నప్పుడు అమ్మ మాయమైపోయింది. అంటే నిద్రపోతే మనుషులు పోతారు! అందుకే మీరు పోకుండా కొంగు ముడేసుకుంటున్నాడు. సాయంత్రం వస్తుందన్నారు కాబట్టి సాయంత్రం వెళ్ళి కూర్చుంటున్నాడు. మీరు చెప్పిన మాటని ఆ ఇంట్లో ఇంకా నమ్ముతున్నది వాడొక్కడే.

మర్చిపోతాడా అని అడిగారు. మర్చిపోడు. మర్చిపోయినట్టు కనిపించడం నేర్చుకుంటాడు. నాకు భయమంతా దాని గురించే.

భయం వేసినప్పుడు ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. పిల్లలకి ఆ దడ వాళ్ళంతట వాళ్ళకి అంత తేలిగ్గా తగ్గదు. ఎవరైనా దగ్గరికి తీసుకుంటే తగ్గుతుంది. తీసుకునేవాళ్ళు లేక, ఆ భయం రోజూ నెలల తరబడి అలాగే ఉండిపోతే ఒళ్ళు ఆ దడ నుంచి ఇక దిగడం మానేస్తుంది. నిద్ర చెడుతుంది, చదువు మీద ధ్యాస నిలవదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాడు. దీన్నే డాక్టర్లు టాక్సిక్ స్ట్రెస్ అంటారు, ఒత్తిడే విషమైపోవడమన్నమాట. అదే కష్టం వచ్చినా పక్కన ఒక నమ్మకమైన మనిషి ఉంటే అది చాలావరకు విషం కాదు. మీ ఇంట్లో ఆ మనిషి మీరే. వాడు ఆ ముడి మీ కొంగుకే వేశాడు కదా, వాడికి తెలుసు.

మీ తప్పు ఎంచే ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను పిల్లల వార్డులో చేరిన కొత్తల్లో, వేడి గంజి పడి కాలు కాలిన ఐదేళ్ళ పిల్లాడు ఉండేవాడు. కట్టు మార్చేటప్పుడు తల్లిని బయటికి పంపేసేవాళ్ళం. ‘అమ్మ టీ తేవడానికెళ్ళింది, నీకు నొప్పేం ఉండదు’ అన్నాను. రెండూ అబద్ధాలే. ఆ తర్వాత వాడు నా చేతి ఇడ్లీ తినలేదు. థర్మామీటరు పెట్టబోయినా పళ్ళు బిగించేవాడు. మా హెడ్ నర్సు చూసి చూసి ఒకరోజు నన్ను పక్కకి తప్పించి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ‘ఇది నొప్పి పుడుతుంది. నువ్వు ఇరవై లెక్కపెట్టు, అయిపోతుంది. అమ్మ ఇక్కడే నిలబడుతుంది, నువ్వు ఎంతైనా అరుచుకో’ అంది. వాడు అరిచాడు, వార్డంతా వినపడేలా. కానీ కాలు లాక్కోలేదు. పద్నాలుగు దగ్గర లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాడు. నొప్పిలో తేడా ఏమీ లేదు, తనకి ఏం జరగబోతోందో తెలిసిందంతే.

కాబట్టి మొదటి పని: నిజం చెప్పండి. ఈ వారంలోనే. పడుకునే ముందు కాదు, ఆదివారం పొద్దున తిండి తిన్నాక, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని. నేనైతే ఇలా చెబుతాను: ‘నాన్నా, అమ్మ అమలాపురం వెళ్ళలేదు. విమానమెక్కి కువైట్ వెళ్ళింది, డబ్బులు సంపాదించడానికి. ఆ రోజే నీకు చెప్పాల్సింది. మేం చెప్పలేదు, తప్పు మాది. నువ్వు అల్లరి చేశావని వెళ్ళలేదు. నీమీద కోపంతో వెళ్ళలేదు.’ ఆ చివరి రెండు మాటలు వదిలెయ్యకండి. ఆరేళ్ళ వయసులో పిల్లలు ఏం జరిగినా తరచూ తమవల్లే జరిగిందనుకుంటారు. ‘నేను పాలు పారబోశాను, అమ్మ వెళ్ళిపోయింది’ అని లెక్క కట్టుకున్న పిల్లల్ని నేను చూశాను.

ఏడుస్తాడు. ఏడవనివ్వండి. మీరూ ఏడవండి, ఏం ఫర్వాలేదు. నాలుగు నెలల నాడు రావాల్సిన ఏడుపది.

ఎప్పుడొస్తుందని అడుగుతాడు. రెండేళ్ళంటే వాడికి ఏం తెలుస్తుంది? ‘రెండు సంక్రాంతులు వెళ్ళాలి. రెండో సంక్రాంతి దాటాక మళ్ళీ మామిడిపళ్ళు వస్తాయే, అప్పుడు’ అనండి. తారీఖు మాత్రం చెప్పకండి. యజమాని సెలవివ్వకపోయినా, టిక్కెట్టు దొరక్కపోయినా మళ్ళీ అబద్ధమైపోతుంది. ఆ సాయంత్రం వాడు బస్సు దగ్గరికి వెళ్తానంటే ఆపకండి, మీరూ వెళ్ళి ఆ అరుగు మీద పక్కన కూర్చోండి. బస్సు వచ్చి వెళ్ళిపోయాక ఇద్దరూ కలిసి ఇంటికి రండి. ఇన్నాళ్ళూ ఒక్కడే చేసిన పని అది.

ఇక వీడియో కాల్. మొహం తిప్పుకుంటే మీ అమ్మాయి గుండె తరుక్కుపోయి ఉంటుంది, నాకు తెలుసు. ఆమెకి ఈ సంగతి చెప్పండి. 1950ల్లో లండన్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని వారానికి కొద్ది గంటలే చూడనిచ్చేవాళ్ళు. ‘తల్లి వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు’ అనేది అప్పటి నర్సుల మాట. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్ పిల్లల మంచాల పక్కన కూర్చుని గమనించాడు. ముందు ఏడుస్తారు, తర్వాత నీరసించి మూల కూర్చుంటారు, ఆ తర్వాత ‘బుద్ధిమంతులు’ అవుతారు, తల్లి వస్తే మొహం తిప్పుకుంటారు. కుదుటపడడం కాదది, ఆశ వదులుకోవడం అని ఆయన, మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ వాదించారు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది. మా వార్డులో తల్లిని బయటికి పంపే అలవాటు నేను చేరేనాటికి కూడా ఎందుకుందో మాత్రం నన్నడక్కండి.

మీవాడు ఇంకా ఆశ వదులుకోలేదు, రోజూ బస్సు కోసం చూస్తూనే ఉన్నాడు. వాడు మొహం తిప్పుకుంటున్నాడంటే అలిగాడని. అలక ఉందంటే ప్రేమ ఉన్నట్టే. మీ అమ్మాయి పని చూసుకుని ఒక వేళ పెట్టుకోమనండి. మనకి రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. రోజూ కుదరకపోతే వారానికి రెండురోజులే, కానీ అవే రోజులు. ‘అమ్మకి ముద్దు పెట్టు, పద్యం చెప్పు’ అని వెంటపడొద్దు. ఫోను అరటిగెల పక్కన ఆనించి పెట్టి వాడి ఆట వాణ్ణి ఆడుకోనివ్వండి. ఆమె తన పాటికి తను ఇవాళ ఏం వండిందో, ఆ ఇంట్లో పిల్లి ఏం చేసిందో చెప్పుకుంటూ పోవాలి. ‘నువ్వు లేకపోతే నాకు ప్రాణం లేదురా’ అని ఏడవకూడదు, పాపం ఎంత ఏడుపొచ్చినా. వాడికి అమ్మ బరువు కూడా మొయ్యాల్సిన పని పెట్టకండి. ఒకరోజు పిల్లి ఏం చేసిందని వాడే అడుగుతాడు. ఫోను పెట్టేసే ముందు మాత్రం తప్పకుండా చెప్పాలి: ‘ఇప్పుడు పెట్టేస్తున్నా, మళ్ళీ శుక్రవారం.’ నెట్ కట్ అయిపోతే మీరు చెప్పండి, ‘అమ్మ పెట్టెయ్యలేదు, సిగ్నల్ పోయింది’ అని.

అన్నిటికన్నా ముఖ్యమైంది మీ చేతిలో ఉంది. మన భాషలో గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అనకూడదంటారు, ‘వెళ్ళొస్తా’ అనాలంటారు. శకునం కోసమనుకుంటాం గానీ మీవాడికి అదే మందు. పాలకేంద్రానికి వెళ్ళినా చెప్పి వెళ్ళండి, వాడు ఏడుస్తున్నా సరే. ‘పాలు పోసి, కొట్లో ఉల్లిపాయలు తీసుకుని వచ్చేస్తా.’ చెప్పినట్టే వచ్చెయ్యండి. వచ్చాక ‘ఇదిగో, వచ్చేశాను’ అనండి. ఏడుపు చూడలేక దొడ్డిదారిన జారుకున్నారో, ముడి ఇంకో గుండీకి కూడా పడుతుంది. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లు తిరిగొచ్చారనుకోండి, నెలకి ఎన్నిసార్లయిందో వాడి ఒళ్ళు లెక్కపెట్టుకుంటుంది. కొంగు ముడి విప్పించే ప్రయత్నం చెయ్యొద్దు. వాళ్ళమ్మ పాత చీర ఒకటి, ఉతకనిది ఉంటే మరీ మంచిది, పక్కలో వెయ్యండి.

పక్క తడిపితే మాట్లాడకుండా బట్టలు మార్చండి. కింద రబ్బరు షీటు వెయ్యండి. దుప్పటి వీధి వైపు దండెం మీద ఆరెయ్యకండి, బళ్ళోకెళ్ళే పిల్లలు చూస్తారు. మంట ఉన్నా, పగలు కూడా తడుపుతున్నా, నీళ్ళు ఎక్కువ తాగుతున్నా ఆసుపత్రిలో చూపించి మూత్ర పరీక్ష చేయించండి. ప్రతిదాన్నీ మనసు మీదకి తొయ్యకూడదు.

దూడని కొట్టినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపండి. ‘కోపమొచ్చింది, అమ్మ మీద కోపం కదూ. దూడకి దెబ్బ తగులుతుంది. పద, బంతిని గోడకేసి కొడదాం.’ వాళ్ళ నాన్న అమ్మని కొట్టడం వాడు చూసే ఉంటాడు. ఒంటి మీద పడకపోయినా, పక్క గదిలోంచి విన్నా అది పిల్లాడికి దెబ్బే. ఎప్పుడైనా నాన్న గురించి అడిగితే నోరు మూయించకండి, తిట్టనూ తిట్టకండి. ‘నాన్న అమ్మని కొట్టడం తప్పు. నీకు చాలా భయమేసి ఉంటుంది. ఇప్పుడీ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టరు.’ ఈ మాట మీ ఆయన వినేలా అనండి. మరిదిగారికి నా మాటగా ఇంకొకటి చెప్పండి. ‘మొండి వెధవ’ అనే బదులు సాయంత్రం దూడకి గడ్డి వేసేటప్పుడు వాణ్ణి కూడా పిలవమనండి. అంతకుమించి ఆయన్నేం అడగను.

నిజం చెప్పాక వారం పది రోజులు ఇంకా ఎక్కువ అతుక్కుపోవచ్చు, బెదిరిపోకండి. నెలా రెండు నెలలు గడిచినా నిద్ర, తిండి సర్దుకోకపోతే, ఆడుకోవడమే మానేస్తే, చచ్చిపోతానని మాట్లాడితే ఆగొద్దు. 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. డబ్బు ఖర్చుండదు, తెలుగులో మాట్లాడతారు, దగ్గర్లో ఎక్కడ చూపించాలో చెబుతారు.

ఉత్తరం నిండా మనవడే ఉన్నాడు. కూతురు పరాయిదేశం పోయిన తల్లి కూడా ఆ ఇంట్లో ఉంది కదా, ఆవిడ తన ఒళ్ళు చూసుకుంటోందా?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర. మా పాపకు తొమ్మిదేండ్లు. దసరా సెలవులకు మా ఆడబిడ్డ ఇంటికి పోయొచ్చినంక, వాళ్ళ మరిది తనను ముట్టుకోరాని కాడ ముట్టుకున్నడని చెప్పింది. ఆయనకు ముప్పై ఏండ్లుంటయి. ఇంట్ల అందరు ‘బయటికి చెప్తే పరువు పోతది, పిల్ల మర్చిపోతది, ఏదో కలగన్నదేమో’ అంటున్నరు. ఏం చెయ్యాలె?

జవాబు: నమ్మండి. ఇవాళే పాపతో అనండి: ‘నువ్వు చెప్పి మంచిపని చేశావు. నీ తప్పు ఏం లేదు. ఆయన్ని ఇక నీ దగ్గరికి రానివ్వను.’ ఇంట్లోవాళ్ళందరి ముందూ మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. ఆ పిల్లకి జరిగిన దానికన్నా, చెప్పినా నమ్మలేదన్న సంగతే ఎక్కువకాలం కెలుకుతుంది. ముప్పై ఏళ్ళ తర్వాత నా దగ్గరికొచ్చి ఏడ్చిన ఆడవాళ్ళు ‘వాడు’ అని మొదలుపెట్టి ‘మా అమ్మ నమ్మలేదండీ’ దగ్గర ఆగిపోతారు.

కలగన్నదేమో అన్నవాళ్ళకి ఇది చదివి వినిపించండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో బయటపెట్టిన సర్వేలో 13 రాష్ట్రాల్లో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12,447 మంది పిల్లల్ని అడిగితే సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. చేసినవాళ్ళలో చాలామంది తెలిసినవాళ్ళే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు కూడా. మీ పాప చెప్పింది.

పరువు సంగతికొస్తే, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. మీవాళ్ళు దాచమంటున్నది అదే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, దారి చూపిస్తారు. పాపని స్టేషన్ చుట్టూ తిప్పాల్సిన పనిలేదు. వాంగ్మూలం మీ ఇంట్లోనే తీసుకోవచ్చు, అధికారి యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. వైద్యపరీక్ష ఆడ డాక్టరే చెయ్యాలి. పాప పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే, అడిగి మరీ చేయించుకోండి. ఆడబిడ్డ అలిగితే అలగనివ్వండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. చిన్నప్పుడు మా నాన్న బెల్టుతో కొట్టేవారు. ఇంటర్నెట్‌లో ‘ఏస్ స్కోర్’ అని చిన్ననాటి కష్టాల మీద పది ప్రశ్నల పరీక్ష చేసుకుంటే నాకు ఆరు వచ్చింది. నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జబ్బులు, వ్యసనాలు అని రాసుంది. పోయినవారం మా నాలుగేళ్ళ బాబు ల్యాప్‌టాప్ మీద బూస్టు ఒలికించాడు. నేను చెయ్యెత్తాను, కొట్టలేదు. కానీ వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. అచ్చం నేను చేసినట్టే. అప్పట్నుంచి నిద్ర లేదు మేడమ్. నేనూ మా నాన్నలా అవుతానా?

జవాబు: బాబూ, ఆ స్కోరు జాతకం కాదు. దాని పుట్టుక చెబుతాను. అమెరికాలో శాన్‌డియేగోలో ఊబకాయం క్లినిక్ నడిపిన విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు, రాబర్ట్ ఆండా అనే ఇంకో డాక్టరు కలిసి 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని చిన్ననాటి కష్టాల గురించి అడిగారు. మొదటి వ్యాసం 1998లో వచ్చింది. కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక తాగుడు, దిగులు, గుండెజబ్బు అంత ఎక్కువ కనిపించాయి. అది వేలమందిని ఒక గుంపుగా చూసినప్పటి లెక్క. ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పడానికి ఈ స్కోరు పనికిరాదని ఆ ఆండాగారే 2020లో సహచరులతో కలిసి రాశారు. నీకు ఎన్ని దెబ్బలు తగిలాయో అది అడిగింది గానీ, ఆ రాత్రి ఎవరైనా వచ్చి వీపుకి కొబ్బరినూనె రాశారా అని అడగలేదు.

అది అడిగినావిడ ఒకావిడ ఉండేది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం కొన్ని దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుబోతు తండ్రులు, కొట్లాటల మధ్య పెరిగినవాళ్ళలో కూడా సుమారు మూడోవంతు మంది నిబ్బరమైన మనుషులుగా ఎదిగారు. వాళ్ళ జీవితాల్లో తరచూ కనబడింది ఒక మనిషి. అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో. పై ఉత్తరంలో కోనసీమ చెల్లెమ్మని చూశావు కదా, అలాంటి మనిషి. నీకెవరున్నారో గుర్తు తెచ్చుకో. బతికుంటే ఓసారి ఫోన్ చెయ్యి.

నువ్వు చెయ్యి ఆపావు, వాడి చేతులు చూశావు, వారం రోజులుగా నిద్రపోలేదు. మీ నాన్నగారు ఇవి చేసి ఉంటే నీకు గుర్తుండేది. కానీ నిద్రపోకపోవడం వల్ల వాడికేం ఒరగదు. వాడికి చెప్పాలి. వాడి ఎత్తుకి కూర్చుని, ‘ఆ రోజు నాన్న చెయ్యెత్తాడు. నీకు భయమేసింది. అది నా తప్పు, నీది కాదు. నేను కొట్టను’ అని చెప్పు. అక్కడితో ఆపెయ్యి. ‘కానీ నువ్వు కూడా జాగ్రత్తగా ఉండాలి కదా’ అని తోకొకటి తగిలించావంటే మొత్తం చెల్లదు. బూస్టు పాఠం ఇంకోరోజు, గుడ్డ వాడి చేతికిచ్చి తుడిపించేటప్పుడు చెప్పుకోవచ్చు.

మళ్ళీ కోపం వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది? పిడికిలి బిగుసుకుంటున్నట్టు తెలియగానే బాల్కనీలోకి వెళ్ళు. విసురుగా తలుపేసుకుని కాదు. ‘నాన్నకి కోపమొచ్చింది, నీళ్ళు తాగి వచ్చేస్తా’ అని చెప్పి వెళ్ళు. తగ్గాక వచ్చెయ్యి. నిద్ర ఇంకా పట్టకపోతే, పాత దెబ్బలు కళ్ళ ముందు తిరుగుతుంటే నువ్వూ ఒక సైకాలజిస్టుని కలువు, అందులో నామోషీ ఏం లేదు.

ఇంకో మాట. నువ్వు ఎంతో కూడదీసుకుని, గొంతు వణుకుతూ ఈ క్షమాపణంతా చెప్పాక మీవాడు సాంతం విని, ‘మరి డైనోసార్ కొంటావా?’ అనొచ్చు. నాలుగేళ్ళవాడు కదా. లంచమని కొనకు, బతిమాలించుకోనూవద్దు. కాస్త పక్కకి జరిగి కూర్చో, ఉన్న బొమ్మల్లో ఒకటి తెచ్చి వాడే నీ చేతిలో పెడతాడు.